డెబియన్ 12, ఆ తర్వాత 13: కెర్నెల్ నంబరుతో నా కాపురం

డెబియన్ అనేది విండోస్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ రకాల్లో ఒకటి. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో, డెస్క్‌టాప్ ఎంత అందంగా ఉంటుందో రాయను. అవి ఎక్కడైనా దొరుకుతాయి. గుంటూరు చుట్టుగుంట దగ్గర, యార్డులో మిర్చి కొని బయటి రాష్ట్రాలకు లోడ్లు పంపే ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూస్తాను. అక్కడి పాత డెస్క్‌టాప్ మీద మొదట డెబియన్ 12, ఇప్పుడు 13 వాడుతున్నాను. నేను చెప్పదలిచింది ఒక్క సంగతే: ఈ డెబియన్ కెర్నెల్‌ని, అంటే యంత్రాన్ని నడిపించే లోపలి మూల ప్రోగ్రామ్‌ని, ఎలా ఎంచుకుంటుంది, ఎంచుకున్నాక దాన్ని ఎంత మొండిగా పట్టుకుని కూర్చుంటుంది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఆ మొండితనమే. ఒకరోజు నా ప్రాణం తీసిందీ అదే.

కొత్త కెర్నెల్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. వాటిలో ఏడాదికి ఒకదాన్ని తీసి, దీనికి ఎక్కువ కాలం మరమ్మతులు చేస్తాం అని కెర్నెల్ నిర్వాహకులు చెబుతారు. డెబియన్ సరిగ్గా అలాంటిదే పట్టుకుంటుంది. డెబియన్ 11కి కెర్నెల్ 5.10, 12కి 6.1, 13కి 6.12. ఆ విడుదల ఉన్నంతకాలం అదే సిరీస్. మరో లినక్స్ రకమైన ఫెడోరా అలా కాదు, విడుదల అదే అయినా కెర్నెల్ కొత్తదానికి మారుతూ పోతుంది. ఉబుంటు 22.04లో సర్వర్ వాళ్లు 5.15 మీదే ఉన్నారు గానీ, డెస్క్‌టాప్ వాళ్లకు మామూలు అప్‌డేట్లలోనే 5.19, 6.2, 6.5, 6.8 వరసగా వచ్చేశాయి. రెడ్ హ్యాట్‌ది మరో దారి. వాళ్ల 9వ విడుదలలో 5.14 అన్న నంబరు కదలదు, కానీ తర్వాతి కెర్నెళ్లలోంచి కావలసినవి ఏరి తెచ్చి అందులో కలుపుతూనే ఉంటారు. వీటిలో ఏది గొప్ప అన్న చర్చ నాకు అనవసరం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి సరుకు ముంచెత్తుతుంది. ఆ మూడు నెలలూ నా సిస్టమ్ నిన్న ఉన్నట్టే ఇవాళా ఉండాలి. నా లెక్క అంతే.

ఇక మా వైఫై స్టిక్ సంగతి. మా నెట్ రౌటర్ మేడ మీద ఓనరు గారి ఇంట్లో ఉంది, కింద ఆఫీసుకి కేబుల్ లేదు. అందుకని ఒక చవక యూఎస్‌బీ స్టిక్ కొన్నాం. కంపెనీ పేరు అక్కర్లేదు, లోపల చిప్ మాత్రం రియల్‌టెక్ 8821సీయూ. పెట్టగానే అది వైఫైలా కనపడదు, విండోస్ డ్రైవర్ (స్టిక్‌ని నడిపించే ప్రోగ్రాం) ఉన్న సీడీలా కనపడుతుంది. దాన్ని అసలు రూపంలోకి తేవడమే ఒక పని. తెచ్చినా 6.1లో దానికి డ్రైవర్ లేదు.

నన్ను ఎక్కువ మండించింది ఇదే. జర్మనీలో పెంగుట్రానిక్స్ అనే సంస్థ ఇంజినీరు సాషా హావర్ ఈ తరహా రియల్‌టెక్ యూఎస్‌బీ చిప్‌లకు కెర్నెల్‌లోనే డ్రైవర్ రాశారు. అది చేరింది 6.2లో, 2023 ఫిబ్రవరిలో. డెబియన్ 12 విడుదలైంది ఆ జూన్‌లో. అంటే డ్రైవర్ అప్పటికే తయారుగా ఉంది. కానీ దీర్ఘకాలం నడిచేది 6.1 కాబట్టి వాళ్లు దాని మీదే ఆగారు. వాళ్ల చోట ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. అయినా ఒక్క మెట్టు కింద ఆగిపోయి, మిగతాది నా నెత్తిన పెట్టారన్న కోపం మాత్రం చాలాకాలం పోలేదు.

సిస్టమ్ పెట్టిన కుర్రాడు ఎవరో స్వచ్ఛందంగా నడిపే డ్రైవర్‌ని నెట్‌లోంచి తెచ్చి, డీకేఎంఎస్‌తో ఎక్కించాడు. కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని దానంతటదే మళ్లీ తయారుచేసి పెట్టే ఏర్పాటు అది. అలా తయారు కావాలంటే ఆ కెర్నెల్‌కి చెందిన హెడర్ ఫైళ్లు (డ్రైవర్ తయారీకి కావలసిన కెర్నెల్ వివరాలు) ఉండాలి. ఇంటర్నెట్‌లో ఏ సూచన చూసినా, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబరు కనుక్కుని దాని హెడర్లు పెట్టుకో అనే ఉంటుంది. అతనూ అలాగే పెట్టాడు. అప్పుడు నడుస్తున్నది 6.1.0-17. సంక్రాంతి ముందు పని ముగించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు.

2024 ఫిబ్రవరిలో డెబియన్ 12కి మరమ్మతుల విడుదల 12.5 వచ్చింది. దానితో కెర్నెల్ 6.1.0-18. ఆ వారంలోనే ఒక పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే వైఫై అన్న గుర్తే లేదు. బయట నాగ్‌పూర్ లోడు లారీ టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తేసుకుని, టార్పాలిన్ కట్టుకుని సిద్ధంగా ఉంది. ఈ-వే బిల్లు లేకుండా అది కదలదు. ఫోన్‌లో చేసుకోవచ్చు కదా అంటారేమో, పార్టీ వివరాలు, కాటా లెక్కలు అన్నీ సిస్టమ్‌లోనే ఉన్నాయి. లారీ డ్రైవరు లోపలికి తొంగిచూసి వెళ్తున్నాడు. పైనుంచి ఓనరు గారు, "ఏమయ్యా, బిల్లు అయిందా?" స్టిక్ తీసి పెట్టాను, వేరే పోర్టులో పెట్టాను, రౌటర్ ఆపి వేశాను. టెన్షన్ పెరగడం తప్ప ఏమీ జరగలేదు.

మా అన్నయ్య కొడుకు కానూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడికి ఫోన్ చేశాను.

"నిన్న ఏమైనా అప్‌డేట్ అయిందా బాబాయ్?"

"అయింది. రోజూ అవుతూనే ఉంటుంది కదరా."

"సరే, రీస్టార్ట్ చెయ్. మొదటి స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని రెండో లైన్ ఉంటుంది, అందులోకి వెళ్లు."

"వెళ్లా. ఇక్కడ నాలుగు లైన్లు ఉన్నాయి."

"పదిహేడు అని ఉన్నది కొట్టు. రికవరీ అని ఉన్నది వద్దు."

కొట్టాను. వైఫై వచ్చేసింది. బిల్లు తీశాను, లారీ వెళ్లిపోయింది. డెబియన్ కొత్త కెర్నెల్ పెట్టేటప్పుడు పాతదాన్ని అక్కడే ఉంచుతుందని, మెనూలోంచి దాన్ని లేపుకోవచ్చని అంతవరకూ నాకు తెలియదు. నిజానికి చాలా డిస్ట్రోలు (లినక్స్ రకాలు) ఈ పని చేస్తాయి, ఇది డెబియన్ సొంత గొప్పేమీ కాదు. కానీ ఆ రోజు నాకు దొరికింది ఇక్కడే.

మధ్యాహ్నం వాడు అసలు కారణం చెప్పాడు. పదిహేడుకి పెట్టిన హెడర్లు పద్దెనిమిదికి పనికిరావు. నంబరు లేకుండా లినక్స్-హెడర్స్-ఏఎండీ64 అనే ప్యాకేజీ ఒకటి ఉంటుంది, కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దాని హెడర్లను అదే లాక్కొస్తుంది. అది పెట్టాక పద్దెనిమిదిలో కూడా స్టిక్ పనిచేసింది. బయటి డ్రైవర్ మీద ఆధారపడి డెబియన్ వాడేవాళ్లు ఈ సమీక్షలో ఇంకేదీ చదవకపోయినా ఆ ప్యాకేజీ ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

నంబరు మారదని పైన మెచ్చుకున్నాను కదా, దాన్ని కొంచెం సవరించుకోవాలి. 12లో పేరు 6.1.0-18 అని ఉన్నా లోపల ఉన్నది 6.1.76. పాత గోతాంలో కొత్త కాయ పోసినట్టు. కెర్నెల్ నిర్వాహకులు 6.1 సిరీస్‌లో విడుదల చేసే మరమ్మతులన్నీ డెబియన్ అలాగే తీసుకుంటుంది. సిరీస్ ఆగుతుంది గానీ లోపలి కోడ్ ఆగదు. అదే 12.5లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్ చాలామందికి తయారు కాకుండా ఆగిపోయింది. అది హెడర్ల గొడవ కాదు, మరమ్మతుల్లో వచ్చిన ఒక మార్పు వల్ల. కెర్నెల్ మీద నడిచే ప్రోగ్రాములు చెడకుండా చూస్తామని లినక్స్ వాళ్లు మాటిస్తారు. లోపలి డ్రైవర్ల ఏర్పాట్లు మారవని మాత్రం వాళ్లు ఎన్నడూ అనలేదు.

అంతకుముందు 2023 డిసెంబరులో ఇంకా పెద్దదే జరిగింది. 6.1.64లో, డిస్క్ మీద ఫైళ్లను దాచే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కి ఒక మరమ్మతు వచ్చింది. అది సరిగా పనిచేయాలంటే ముందు ఉండాల్సిన మరో మార్పు 6.1లోకి రాలేదు. దాంతో డేటా పాడయ్యే ప్రమాదం వచ్చింది. డెబియన్ 12.3 విడుదలను మధ్యలో ఆపేసి, అప్‌డేట్ చేయవద్దని చెప్పి, సరిచేసిన కెర్నెల్‌తో మర్నాడే 12.4 తెచ్చారు. ఆపడం, చెప్పడం, సరిచేయడం అంతా అంత తొందరగా జరగడం నాకు నచ్చింది. కానీ స్థిరంగా ఉంటుందని పెట్టుకున్నదాంట్లోనే అలా జరిగిందంటే కాస్త గుండె దడే. మేం సిస్టమ్ పెట్టించింది ఆ గొడవ సద్దుమణిగాక కాబట్టి బతికిపోయాం. అందులో మా తెలివేమీ లేదు.

డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టులో. దసరా దాకా ఆగి, పని తక్కువగా ఉన్నప్పుడు మార్చాం. మారేటప్పుడు పాత డీకేఎంఎస్ డ్రైవర్ 6.12కి తయారు కానని మొరాయించింది. హెడర్ల ప్యాకేజీ సగంలో ఆగింది. ఇంకేముంది, మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. మావాడు ఆ డ్రైవర్‌ని పూర్తిగా తీసేయమన్నాడు. "తీసేస్తే నెట్ ఎలారా?" అంటే, "ముందు తియ్యి బాబాయ్" అన్నాడు. తీసి రీస్టార్ట్ చేశాం. స్టిక్ దానంతటదే పలికింది! ఏమీ ఎక్కించలేదు, సీడీ గోల కూడా లేదు. 6.2లో చేరిన ఆ డ్రైవర్ 6.12లో ఉండనే ఉంది. దానికి కావలసిన ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాం), ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ అనే ప్యాకేజీలో అప్పటికే సిస్టమ్‌లో ఉంది. అప్పటి నుంచి ఎన్ని కెర్నెల్ అప్‌డేట్లు వచ్చినా మేం డ్రైవర్ మాట ఎత్తలేదు. కెర్నెల్ పేరులోనే ఇప్పుడు అసలు నంబరు కనిపిస్తోంది, 6.12 తర్వాత ఎంత అన్నది కూడా. చిన్న మార్పే, కానీ ఫోన్‌లో మావాడికి చదివి వినిపించేటప్పుడు హాయిగా ఉంది.

నెట్ వేగం పాత డ్రైవర్‌తో ఉన్నంత లేదనిపిస్తోంది. కొలిచి చూడలేదు. ఈ-వే బిల్లుకి, బ్యాంకు పనికి, రైతులకు వాట్సాప్‌లో పట్టీలు పంపడానికి అది చాలు. పెద్ద ఫైళ్లు దించుకునేవాళ్లకి చాలకపోవచ్చు.

కెర్నెల్‌ని అప్‌డేట్ కాకుండా కట్టేసి పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఆ పని చేయను. బ్యాంకు లాగిన్లు ఉన్న సిస్టమ్ మీద భద్రతా మరమ్మతులు ఆపుకోవడం నాకు ఇష్టం లేదు. యార్డుకి సెలవున్న రోజు అప్‌డేట్ పెట్టి, అప్పుడే రీస్టార్ట్ చేసి చూసుకుంటాను.

ఇది అందరికీ సరిపోతుందని చెప్పలేను. మావాడి కొత్త లాప్‌టాప్‌లో డెబియన్ 12 పెడితే 6.1కి ఆ గ్రాఫిక్స్ అర్థం కాలేదు. పాత విడుదలకి కొత్త ప్యాకేజీలు ఇచ్చే డెబియన్ బ్యాక్‌పోర్ట్స్‌లోంచి కొత్త కెర్నెల్ తెచ్చుకోవాల్సి వచ్చింది. అలా తెచ్చుకున్నాక అది మారుతూనే ఉంటుంది, ఇక స్థిరమైనది పెట్టుకున్న లాభం ఏముంది అని వాడు ఫెడోరాకి వెళ్లిపోయాడు, సుఖంగానే ఉన్నాడు. నాది పాత యంత్రం, పని తక్కువ రకాలది, పైగా ఫోన్ తీసే మనిషి ఒకడున్నాడు. ఆ మూడూ ఉంటే డెబియన్ పెట్టుకోండి. మేడ మీద నుంచి కేబుల్ లాగిస్తానని ఓనరు గారు ప్రతి సీజన్‌కీ అంటూనే ఉన్నారు. ఆయన లాగించి ఉంటే నేను ఇందులో సగం రాసేవాణ్ణి కాదు.