లింక్ షేర్ చేస్తే ఏం కనిపించాలి? ఏ పద్ధతి మేలు?

మేం నడిపే చిన్న వెబ్ పత్రికలో ఒకసారి ఒక అనువాదకురాలికి నివాళి వేశాం. ఆమెతో కలిసి పనిచేసిన ముగ్గురు రాసిన పెద్ద వ్యాసం అది. పబ్లిష్ చేసిన కాసేపటికే ఎవరో ఆ లింక్‌ను ఒక గ్రూపులో పెట్టారు. లింక్‌తో పాటు ప్రివ్యూ కార్డు వచ్చింది కానీ అందులో ఆమె ఫొటో లేదు. పేజీ పక్కన ఉన్న ప్రకటనలోని బొమ్మ వచ్చింది. పళ్లు కనిపించేలా నవ్వుతున్న ఇద్దరు మోడల్స్, వాళ్ల మీద ‘ఆఫర్’ అని పెద్ద అక్షరాలు, కింద ఆమె పేరుతో నివాళి శీర్షిక. ఆ గ్రూపులో ఆమె కూతురు కూడా ఉంది.

లోపం మా పేజీలోనే ఉంది. షేర్ చేస్తే ఏ బొమ్మ చూపించాలో మేం ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోతే లింక్ చదివే ప్రోగ్రామ్ పేజీ అంతా వెతికి, తనకు తగినదనిపించిన బొమ్మను తీసుకుంటుంది. అది నివాళి అని దానికి తెలియదు. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని నేను అలంకారంగా చూడటం మానేశాను. చాలామంది పాఠకులు వ్యాసం తెరవరు, ఆ కార్డు చూసి ముందుకెళ్లిపోతారు. వాళ్లకు మన పేజీ అంటే ఆ కార్డే.

ఆ కార్డులో ఏం రావాలో నిర్ణయించడానికి ఉన్న దారులన్నీ మేం వాడి చూశాం. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుందో చెబుతాను.

ఏమీ చేయకుండా వదిలేయడం

చాలా సైట్లు ఇలాగే ఉంటాయి. పేజీ శీర్షిక బాగుండి, మొదటి బొమ్మ వ్యాసానికి సంబంధించినదే అయితే ఒక్కోసారి కార్డు చక్కగానే వస్తుంది. కానీ ఒకచోట వచ్చింది ఇంకోచోట రాదు. ఒక యాప్ బొమ్మను ఊహించి పెడితే, మరొకటి బొమ్మ లేకుండా శీర్షిక ఒక్కటే చూపిస్తుంది, ఇంకొకటి వట్టి అడ్రస్ చూపించి ఊరుకుంటుంది.

పేజీ అడ్రస్‌లో తెలుగు మాటలు వాడే సైట్లకు ఈ మూడోది మరీ నష్టం. ఆ అడ్రస్ కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేస్తే, ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది ఇంగ్లిష్ గుర్తులుగా మారిపోతుంది. ‘అమ్మ’ అనే రెండక్షరాల మాట కంప్యూటర్ లెక్కలో నాలుగు గుర్తులు: అ, మ, పొల్లు, మళ్లీ మ. అంటే అడ్రస్‌లో అది శాతం గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కలిసిన 36 గుర్తుల వరుస అవుతుంది. ఏడెనిమిది మాటల శీర్షిక అయితే స్క్రీన్ నిండిపోతుంది. కార్డు కూడా లేకుండా అలాంటి లింక్ వస్తే, వైరస్ ఏమోనని జనం నొక్కరు. ఈ కారణం ఒక్కటి చాలు, వదిలేయడం అన్న దారిని నేను పక్కన పెట్టడానికి.

ఫొటో విడిగా పెట్టి, లింక్ కింద రాయడం

కార్డుతో తలనొప్పి ఎందుకని, మంచి పోస్టర్ చేసి అప్‌లోడ్ చేసి, లింక్‌ను దాని కింద రాసేవాళ్లు చాలామంది. ఇందులో ఒక సుఖం ఉంది: బొమ్మ మనం చేసినట్టే, పూర్తి సైజులో కనిపిస్తుంది. ఫలానా రోజు సభ ఉందని చెప్పే పోస్టర్‌కు ఇదే మేలు, ఎందుకంటే చెప్పాల్సిందంతా పోస్టర్‌లోనే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల్లో అయితే ఎలాగూ క్యాప్షన్‌లో లింక్ పెట్టినా నొక్కితే తెరుచుకోదు కాబట్టి, అక్కడ వేరే దారి లేదు.

వ్యాసం చదివించాలంటే మాత్రం ఇది సరిపోదు. ఫొటో నొక్కితే ఫొటోనే పెద్దదవుతుంది, పేజీ తెరుచుకోదు. ఇంకొకరు దాన్ని సేవ్ చేసుకుని పంపితే ఫొటో వెళ్తుంది, లింక్ వెనకే ఉండిపోతుంది. అన్నింటికన్నా ముఖ్యం, మనం పెట్టిన పోస్టు వరకే మన శ్రద్ధ పనిచేస్తుంది. మనకు తెలియని ఒక పాఠకుడు బ్రౌజర్‌లో అడ్రస్ కాపీ చేసి తన స్నేహితులకు పంపినప్పుడు మన పోస్టర్ అక్కడ ఉండదు.

ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో షేర్ చేసేవాళ్లే కార్డులోని శీర్షికను, బొమ్మను మార్చుకోగలిగేవాళ్లు. ఇతరుల వార్తలకు తప్పుడు శీర్షికలు తగిలించి తిప్పుతున్నారని 2017లో ఆ వీలును చాలావరకు తీసేశారు. అది సరైన పనే అని నా అభిప్రాయం. దాంతో కార్డును సరిచేయాల్సిన బాధ్యత పేజీ రాసినవాళ్ల మీదే పడింది.

పేజీలోనే ట్యాగులు పెట్టడం

ఫేస్‌బుక్ 2010లో ఓపెన్ గ్రాఫ్ అనే పద్ధతి తెచ్చింది. పేజీ తల భాగంలో, పాఠకులకు కనిపించని చోట, కొన్ని మెటా ట్యాగులు, అంటే పేజీ గురించి ప్రోగ్రామ్‌లకు చెప్పే చిన్న కోడ్ వరుసలు, రాస్తాం. తప్పనిసరి అని చెప్పినవి నాలుగే: శీర్షిక, రకం, బొమ్మ, అసలు అడ్రస్. వీటికి తోడు చిన్న వివరణ, సైట్ పేరు, భాష పెట్టుకోవచ్చు. ఈ పద్ధతినే ఇప్పుడు వాట్సాప్, లింక్డ్‌ఇన్, టెలిగ్రామ్, స్లాక్ అన్నీ చదువుతాయి. అంటే ఒకచోట రాస్తే అన్నిచోట్లా పనిచేస్తుంది. మనం లేనిచోట కూడా మన మాట వెళ్తుంది. అందుకే నా ఓటు దీనికే.

ట్విట్టర్ 2012లో తన సొంత కార్డు ట్యాగులు తెచ్చింది. రెండూ పెట్టాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఇప్పటి ఎక్స్ ముందు తన ట్యాగుల కోసం చూస్తుంది, అవి లేకపోతే ఓపెన్ గ్రాఫ్‌లోని శీర్షిక, వివరణ, బొమ్మ తీసుకుంటుంది. పెద్ద బొమ్మ కార్డు కావాలని చెప్పే ఒక్క ట్యాగు అదనంగా రాస్తే చాలు. ఎక్స్‌లో 2023 అక్టోబర్‌లో కార్డుల కింద ఉండే శీర్షిక తీసేశారు, తర్వాత బొమ్మ మీదే చిన్న అక్షరాలతో మళ్లీ తెచ్చారు. వేదికలు ఇలా మారుతూనే ఉంటాయి. ఒక్కోదాని వెంట విడిగా పరిగెత్తడం కన్నా ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు శుభ్రంగా ఉంచుకోవడం మేలు.

ఇక వాటిని ఎలా పెట్టాలి? ప్లగిన్‌తోనా (సైట్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్), చేత్తోనా? సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు యోస్ట్, ర్యాంక్ మ్యాత్ లాంటి ప్లగిన్లు ట్యాగులన్నీ వాటంతట అవే రాసేస్తాయి. కోడ్ తెలియనివాళ్లు చేత్తో రాయబోతే జరిగే తప్పులు ఇందులో జరగవు. అలాంటి తప్పు ఒకటి చెబుతాను. శీర్షికలో ఎవరి మాటనైనా డబుల్ కొటేషన్లలో పెట్టామనుకోండి. ట్యాగులో కూడా విలువను డబుల్ కొటేషన్ల మధ్యే రాస్తాం. ప్రోగ్రామ్ మన మొదటి కొటేషన్ చూడగానే శీర్షిక అయిపోయిందనుకుంటుంది, కార్డులో శీర్షిక సగంలో తెగిపోతుంది. మంచి ప్లగిన్ ఇది చూసుకుంటుంది. బొమ్మ అడ్రస్ పూర్తిగా, సైట్ పేరుతో సహా ఉండాలన్న నియమం కూడా అంతే. చేత్తో రాసేవాళ్లు సగం అడ్రస్ రాసి, బొమ్మ ఎందుకు రావట్లేదా అని తల పట్టుకుంటారు.

ప్లగిన్‌తో వచ్చే చిక్కు వేరు. సైట్ రూపాన్ని నిర్ణయించే థీమ్ కూడా తన ట్యాగులు రాస్తుంటే ఒకే పేజీలో రెండు శీర్షికలు, రెండు బొమ్మలు చేరతాయి. అప్పుడు ఏది తీసుకోవాలన్నది చదివే ప్రోగ్రామ్ ఇష్టం. కాబట్టి ప్లగిన్ పెట్టాక ఒక్కసారైనా పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరిచి, ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల పేర్లకు ముందు ఉండే og: కోసం వెతికి చూడండి. ఒక్కో ట్యాగు ఒక్కసారే ఉండాలి.

రెండో చిక్కు పెద్దది. ప్లగిన్ వివరణ కోసం వ్యాసంలోని మొదటి వాక్యాలను కోసి పెడుతుంది. మొదటి వాక్యం ‘గత సంచిక తరువాయి’ అయితే కార్డులో కూడా అదే వస్తుంది. అందుకే నేను మధ్యదారి పట్టుకున్నాను: ట్యాగులు ప్లగిన్ రాస్తుంది, వాటిలోని మాటలు మేం రాస్తాం. శీర్షిక, ఒక్క వాక్యం వివరణ, బొమ్మ. వ్యాసానికి అయిదు నిమిషాల పని. శీర్షిక 60 గుర్తుల లోపు ఉంచమని ఇంగ్లిష్‌లో సలహా ఇస్తుంటారు. తెలుగుకు ఆ లెక్క సరిపోదు, ఎందుకంటే ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు గుర్తులు. తెలుగు అక్షరం వెడల్పు కూడా ఎక్కువే. ముఖ్యమైన మాటను మొదటి నాలుగైదు మాటల్లోనే పెట్టేస్తే, చివర తెగినా అర్థం మిగులుతుంది.

పేజీని బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్ కోడ్‌తో కూర్చే రియాక్ట్ లాంటి వాటితో కట్టిన సైట్లకు ఒక మాట. ఈ లింక్ చదివే ప్రోగ్రామ్‌లలో చాలావరకు జావాస్క్రిప్ట్ నడపవు. పేజీ తెరిచాక బ్రౌజర్‌లో చేరే ట్యాగులు వాటికి కనబడవు. ట్యాగులు సర్వర్ నుంచే రావాలి.

బొమ్మ: ఒకటే, చేత్తో చేసినది, దానంతట అదే తయారయ్యేది

అసలు తేడా వచ్చేది బొమ్మ దగ్గరే. సైట్ మొత్తానికి ఒకే లోగో బొమ్మ పెట్టుకోవడం సులువు, పరువు పోదు. కానీ గ్రూపులో మీ లింకులు అయిదు వరుసగా వస్తే అయిదూ ఒకేలా ఉంటాయి. ఇది చదివానులే అనుకుని దాటేస్తారు. కాబట్టి దీన్ని ఆఖరి రక్షణగా ఉంచుకోవాలి: ఏ బొమ్మా లేని పేజీకి కనీసం ప్రకటన బొమ్మ రాకుండా ఆపడానికి.

ఒక్కో పేజీకి చేత్తో బొమ్మ ఎంచడం అన్నింటికన్నా మంచిది. 1200 × 630 పిక్సెల్స్ కొలత దాదాపు అన్నిచోట్లా సరిపోతుంది. వాట్సాప్ లాంటి చోట్ల ఒక్కోసారి చిన్న చదరపు బొమ్మే వస్తుంది, అప్పుడు రెండు పక్కలా 285 పిక్సెల్స్ చొప్పున తెగిపోతాయి. ముఖం గానీ మాటలు గానీ నడిమి చదరంలోనే ఉండాలి. ఫైల్ బరువు కూడా చూసుకోవాలి. ఫేస్‌బుక్ 8 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది, వాట్సాప్ మాత్రం 600 కేబీ లోపే ఉండాలంటుంది. కెమెరా నుంచి తీసిన ఫొటోను అలాగే ఎక్కిస్తే ఒకచోట బొమ్మ వచ్చి ఇంకోచోట రాకపోవడానికి తరచూ ఇదే కారణం.

మూడోది, శీర్షికను తీసుకుని బొమ్మను దానంతట అదే తయారుచేసే పద్ధతి. వందల పేజీలున్న సైట్‌కు ఇది పెద్ద ఊరట. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్ లింకులకు వచ్చే కార్డులు ఇలా తయారయ్యేవే. మేమూ ఆశపడి సటోరి అనే లైబ్రరీతో (ఇలా బొమ్మలు తయారుచేసే రెడీమేడ్ కోడ్) మొదలుపెట్టాం. ఇంగ్లిష్ శీర్షికలు అందంగా వచ్చాయి. తెలుగు పెట్టగానే చెదిరిపోయింది. ‘స్త్రీ’ అని రావాల్సిన చోట స పక్కన పొల్లు, త పక్కన పొల్లు, చివర ర కి గుడిదీర్ఘం, అన్నీ విడివిడిగా వరుసలో నిలబడ్డాయి. తెలుగులో ఒత్తులు కిందికి దిగాలంటే ఫాంట్‌లో ఉండే నియమాలను ప్రోగ్రామ్ చదివి అమలు చేయాలి. సటోరి అది చేయదు. పైథాన్ భాషలో బొమ్మలు చేసే పిల్లో లైబ్రరీ వాడేవాళ్లకు కూడా రాక్మ్ అనే తోడు లైబ్రరీ లేకపోతే ఇదే గతి.

దీనికి నిలబడే పరిష్కారం, శీర్షికను మామూలు వెబ్ పేజీగా రాసి, క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజర్‌తో స్క్రీన్‌షాట్ తీయించడం. బ్రౌజర్‌కు తెలుగు అక్షరాలు కూర్చడం వచ్చు కాబట్టి ఒత్తులు సరిగ్గా పడతాయి. కాస్త నెమ్మది, కానీ పబ్లిష్ చేసేటప్పుడు ఒక్కసారి తీసి దాచుకుంటే చాలు. మన భాష చెదిరిన అక్షరాలతో జనంలోకి వెళ్లడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ పని చేసే ఓపిక లేకపోతే అక్షరాలు లేని మంచి ఫొటో పెట్టండి. అదే మేలు.

మార్చాక కూడా పాతదే కనిపిస్తే

ట్యాగులు సరిచేసినా కార్డు వెంటనే మారదు. ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్ ఒకసారి చదివినది దాచుకుని అదే చూపిస్తాయి. ఫేస్‌బుక్‌కు షేరింగ్ డీబగ్గర్, లింక్డ్‌ఇన్‌కు పోస్ట్ ఇన్‌స్పెక్టర్ అనే పరీక్షించే పేజీలు ఉన్నాయి. లింక్ అందులో వేసి మళ్లీ చదివిస్తే కొత్తది వస్తుంది. టెలిగ్రామ్‌లో ఇదే పనికి ఒక బాట్ ఉంది. ఎక్స్ తన ప్రివ్యూ పరికరాన్ని 2022లో తీసేసింది. అందుకని లింక్ బయటికి వెళ్లకముందే ఈ డీబగ్గర్లలో ఒక్కసారి చూసుకోవడం నేను మానను.

వాట్సాప్‌ది వేరే దారి. అక్కడ కార్డును పంపేవాళ్ల ఫోనే తయారుచేసి సందేశంతో పాటు పంపుతుంది. ప్రివ్యూ రాకముందే బటన్ నొక్కేస్తే కార్డు లేకుండానే వెళ్తుంది. ఒకసారి వెళ్లిన కార్డును మన పేజీలో ఏం మార్చినా సరిచేయలేం. ఆ సాయంత్రం మేం నివాళి పేజీలో ట్యాగు సరిచేసి, ఆమె తన బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్న ఫొటో పెట్టాం. గ్రూపులో పడిన కార్డులో మాత్రం ఆ ఇద్దరు మోడల్స్ అలాగే నవ్వుతున్నారు. లింక్ పంపినాయనకు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆయన అప్పటికప్పుడే దాన్ని తీసేసి, కొత్త కార్డు వచ్చేదాకా ఆగి, మళ్లీ పంపారు.