ఎండ మచ్చలు, గ్యాస్ దీపాలు: రెన్వార్, సెరా

ఇద్దరు ఫ్రెంచి చిత్రకారుల రెండు బొమ్మలివి, రెండిట్లోనూ ఉన్నవి పారిస్ జనం సరదాగా గడిపే చోట్లే. రెన్వార్ 1876లో వేసింది పారిస్‌లోని మోంమార్త్ పేటలో ఆదివారం మధ్యాహ్నం జరిగే తోట డాన్సు, ‘మూలాన్ ద లా గాలెట్’. జార్జ్ సెరా 1887–88లో వేసింది పారిస్ తూర్పు వైపు తిరనాళ్లలో రాత్రిపూట సర్కస్ డేరా ముందు జరిగే హడావుడి, ‘సర్కస్ సైడ్‌షో’.

రెన్వార్ బొమ్మలో మనకు వీపు పెట్టి కూర్చున్న మనిషి కోటు చూడండి. ఆకుల సందుల్లోంచి జారిన ఎండ దాని మీద గులాబీ, లేత ఊదా మచ్చలుగా పడింది. నీడ ఉన్న చోట నలుపు కాదు, నీలం. గడ్డి టోపీలు మాత్రం పసుపుగా మెరుస్తాయి. ఈ మచ్చలు అప్పటి విమర్శకులు కొందరికి అస్సలు నచ్చలేదు.

సెరా దగ్గర ఎండ లేదు, పైన వరసగా గ్యాస్ దీపాలున్నాయి. మధ్యలో కోసు టోపీ పెట్టుకుని ట్రాంబోన్ ఊదేవాడు దాదాపు నీడబొమ్మే. కింద జనం టోపీలు కూడా అంతే. ఆ చీకటిలోకి దగ్గరగా వెళ్తే నీలం, ఊదా, నారింజ చుక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెన్వార్ ఇంప్రెషనిస్టు, అంటే ఆ క్షణంలో కనిపించే వెలుగుని చకచకా పట్టే చిత్రకారుడు. సెరాని మాత్రం నియో ఇంప్రెషనిస్టు, అంటే కొత్త ఇంప్రెషనిస్టు అనాలి. రెన్వార్‌లా చేతికొచ్చినట్టు కాకుండా లెక్కవేసి చుక్క పెడతాడు.

సరదా కావాలంటే రెన్వార్. నా ఓటు మాత్రం సెరాకే. తిరనాళ్లలో అంతమంది ఉన్నా ఎవరికి వారే ఒంటరిగా నిలబడ్డట్టుండటం ఆ వెలుగు వల్లే. ఒక్క చిక్కు, ఫోన్‌లో చూస్తే ఆ చుక్కలన్నీ కలిసిపోయి బొమ్మ మసగ్గా ఉంటుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్దది చేసుకుని చూడటం మేలు.