‘చంటబ్బాయ్’ మళ్లీ చూడాలంటే ఏది మేలు: క్లిప్పులా, టీవీనా, పూర్తి సినిమానా?

హైదరాబాద్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా చిరంజీవి సినిమాలు చెప్పమంటే పది పేర్లు గడగడా వస్తాయి. వాటిలో ‘చంటబ్బాయ్’ వినపడటం అరుదు. 1986లో ‘కొండవీటి రాజా’, ‘రాక్షసుడు’ లాంటి మాస్ సినిమాల మధ్య వచ్చిన సినిమా ఇది. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల, జంధ్యాల దర్శకత్వం. ‘ఖైదీ’ హీరో ఇందులో జేమ్స్ పాండ్ అనే డిటెక్టివ్. ఒకచోట చాప్లిన్ వేషం కూడా కడతాడు. చిన్నప్పుడు అద్దె వీసీఆర్‌లో చూసి పడీపడీ నవ్విన మా తరానికి ఇది బాగా గుర్తు. మా మేనల్లుడికి మాత్రం ఇందులో తెలిసింది కవయిత్రిగా శ్రీలక్ష్మి కనిపించే ఒక్క క్లిప్పే.

క్లిప్పులతో సుఖం ఉంది, కాదనను. మెట్రోలో అమీర్‌పేటలో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదు చూసేయొచ్చు. కానీ జంధ్యాల కామెడీ క్లిప్పుల్లో ఇమడదు. ఆయన ఒక మనిషికి ఒక పిచ్చి అంటగడతాడు. దాన్ని సినిమా పొడవునా మళ్లీ మళ్లీ తెస్తాడు. తనను కవి కాదన్నవాళ్లను పొడుస్తానంటూ శ్రీలక్ష్మి చదివే కవిత క్లిప్పులో ఒక జోకు, అంతే. సినిమాలో అలా కాదు. ఆవిడ మళ్లీ కనపడగానే, ఆవిడ కవితలతో వేధించే పత్రిక ఎడిటర్‌తో పాటు మనకీ గుండె జారుతుంది. ఆవిడ నోరు తెరవకముందే మనకు నవ్వు మొదలవుతుంది. ఆ ఎదురుచూపే అసలు సరదా, దాన్ని కత్తిరించి వాట్సాప్‌లో పంపలేం. పైగా రెండో సగంలో తప్పిపోయిన కొడుకు కోసం వెతుకులాట వస్తుంది. పిల్లలుగా ఉన్నప్పుడు మేం బోరని మంచినీళ్లకు లేచిన భాగం అది. ఇప్పుడు చూస్తే ఆ తండ్రిగా జగ్గయ్య అక్కడ ఎంత బరువు మోశారో తెలుస్తుంది. ఆ భాగం క్లిప్పుగా ఎవరూ పంపరు.

టీవీలో మధ్యాహ్నం పూట వచ్చే ప్రసారం సంగతి వేరు. ఏం చూడాలా అని వెతుక్కునే పని లేదు, ఎక్కడో మధ్యలో దొరుకుతుంది, వంటింట్లోంచి అమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది. నాకు ఇదంటే కొంచెం మమకారం. కానీ ప్రకటనల కోసం సీన్లు కోసేస్తారు. డైలాగు మీద డైలాగు పడే కామెడీలో కోత ఎక్కడ పడినా లయ పోతుంది. ఎప్పుడు వేస్తారో కూడా మన చేతిలో ఉండదు.

కోఠీలో వెతికి పాత వీసీడీ తెచ్చుకుందామనుకునే వాళ్లకు ఒక్క మాట: దాని బొమ్మ 352×288 పిక్సెళ్లు. 55 అంగుళాల టీవీలో మొహాలు అలుక్కుపోయినట్టుంటాయి.

ఇక ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో రీరిలీజ్. 2022లో ‘పోకిరి’ మళ్లీ వేసినప్పటి నుంచి ఈ సందడి పెరిగింది. హాలు నిండా జనంతో కలిసి నవ్వడం గొప్పగానే ఉంటుంది. కానీ అక్కడికి జనం వచ్చేది ఈలలు వేయడానికి, కాగితాలు ఎగరేయడానికి. జంధ్యాల మాటలు ఆ గోలలో వినపడవు. నన్నడిగితే ఈ సినిమాకి అది సరైన చోటు కాదు.

అందుకే నా ఓటు యూట్యూబ్‌లో పూర్తి సినిమాకి. హాల్లో పెద్ద టీవీలో, ఏకబిగిన. చిన్న జాగ్రత్తలు ఉన్నాయి. తెర నిండాలని బొమ్మను సాగదీసిన అప్‌లోడ్‌లో అందరూ లావుగా కనిపిస్తారు. పక్కల నల్లపట్టీలు ఉన్నదే ఎంచుకోండి. సౌండ్‌బార్ ఉంటే సరౌండ్ మోడ్ ఆపేయండి, పాత సౌండ్‌ట్రాక్‌లో మాటలు గుంయ్‌మంటాయి. మాట మధ్యలో ప్రకటన పడితే జోకు చచ్చిపోతుంది కాబట్టి, ప్రకటనలు రాని యూట్యూబ్ ప్రీమియం ఉన్న చుట్టాన్ని పిలవడం మంచిది.

ఇంకోటి, ఈ సినిమా ఎప్పుడూ చూడనివాళ్లు పక్కన ఒక్కరైనా ఉండాలి. అందరికీ తెలిసిన సినిమా అయితే ప్రతివాడూ డైలాగు ముందే చెప్పేస్తాడు. కొత్తవాళ్లకు కొంత విడమరచాలి. పత్రిక ఎడిటర్‌ని అంతగా ఎందుకు వేధించాలో మా మేనల్లుడికి అర్థం కాలేదు. కవిత అచ్చవడం అప్పట్లో ఎంత పెద్ద విషయమో చెప్పాక పగలబడి నవ్వాడు. కొన్ని జోకులకు మాత్రం నవ్వలేదు, అవి నాకూ ఇప్పుడు చప్పగానే అనిపించాయి.

ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక మాత్రం మొదలుపెట్టకండి, ఇంటర్వెల్ నాటికి సగం ఇల్లు గురక పెడుతుంది. సాయంత్రం ఐదింటికి, చాయ్ పెట్టుకుని, కిందికెళ్లి మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాక మొదలుపెట్టండి.