దగ్గరి పదికి సవరించడం: క్రికెట్ స్కోరు మేలా, గ్రౌండ్‌లో గీత మేలా?

నాలుగో తరగతి పిల్లలకు సంఖ్యలను రౌండ్ చేయడం ఆటలతో చెప్పాలంటే ఎవరికైనా ముందు తట్టేది క్రికెట్. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఏ బడిలో అడిగినా స్కోర్లు నోటికి చెప్పే పిల్లలు నలుగురైనా ఉంటారు. అయినా మొదటి వారం గ్రౌండ్‌లో గీత గీసి ఉరికించడమే మేలు.

దానికి కావలసింది డబ్బాడు ముగ్గుపిండి, మీటరు కర్ర, విజిల్. మీటరుకొకటి చొప్పున పదకొండు అడ్డగీతలు వేయాలి. ఒక కొసన 40, ఇంకో కొసన 50 రాసి, నడిమి 45 గీతను కాస్త పొడుగ్గా గీయాలి. ఆరుగురిని పిలిచి తలా ఒక చీటీ ఇస్తే, చీటీలో ఉన్న సంఖ్య గీత మీద నిలబడతారు. విజిల్ వేయగానే దగ్గరున్న కొసకు ఉరకాలి. 43 మీదున్న పిల్లకు 40 మూడు మీటర్లు, 50 ఏడు మీటర్లు. ఏది దగ్గరో కాళ్లకే తెలిసిపోతుంది. 43ను కింది పదికి తెమ్మంటే 30 అని రాసే పిల్లలకు ఇది మంచి మందు: ఈ గీత మీద 30 లేనేలేదు.

45 మీదున్నవాడు ఆగిపోతాడు. ఆగనివ్వండి. రెండు కొసలూ ఐదేసి మీటర్లే. పైకి పోవడమనేది అందరూ పెట్టుకున్న ఒప్పందం, అంతే. 'ఐదొస్తే పైకి' అని ముందే బట్టీ పట్టించిన క్లాసులో ఎటు పోవాలన్న ప్రశ్నే పుట్టదు.

గీతల దూరాన్ని అంగలతో కొలిస్తే ఎక్కువతక్కువలై 44 కూడా నడిమధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది. కర్ర అందుకే. అందరికీ ఒకే సంఖ్య చెబితే ముందున్నవాడి వెంట గుంపంతా పోతుంది. చీటీలు అందుకే. రెండో రోజు కొసల అంకెలు చెరిపి 90, 100 వేయండి. కాగితం మీద 97ను 910 చేసే పిల్లలు ఇక్కడ సరిగ్గా వంద దగ్గర తేలతారు. మూడో రోజు 300, 400. అప్పుడు గీతకూ గీతకూ మధ్య పది. దీనికున్న ఒకే ఇబ్బంది మన ఎండ. మార్చిలో అయితే ప్రార్థన అయిన వెంటనే కానిచ్చేయాలి.

క్రికెట్ బలమంతా పెద్ద సంఖ్యల్లో ఉంది. 2014లో శ్రీలంక మీద రోహిత్ శర్మ కొట్టిన 264 దగ్గరి పదికి 260, దగ్గరి వందకు 300. 2002లో మిథాలీ రాజ్ చేసిన 214 అయితే 210, 200. ఒక్కసారి 246 ఇచ్చి చూడండి: చాలామంది ముందు 250 చేసి, దాన్నే మళ్లీ 300 చేస్తారు. వందకు సవరించేటప్పుడు అసలు సంఖ్యనే చూడాలి, 246కు దగ్గరిది 200. నలుగురి స్కోర్లు 14, 24, 33, 44 ఇచ్చి ఒక్కొక్కటీ సవరించి కలపమంటే 100 వస్తుంది, అసలు మొత్తం 115. నాలుగూ కిందికే పోయాయి కాబట్టి పదిహేను పరుగులు మాయమయ్యాయి. ఈ పాఠం గీత మీద చెప్పలేం.

కానీ ఆటలో 99కి సెంచరీ రాదు. "తొంభైతొమ్మిది కొట్టినోనికి వంద ఎట్లేస్తరు సార్?" అన్న పిల్లవాడి తప్పేమీ లేదు. ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94. మాటల్లో దాదాపు వంద అంటాం, రికార్డులో మాత్రం 99.94 అనే ఉంటుంది. అంచనాకూ లెక్కకూ ఉన్న ఈ తేడా గీత ఆట అయ్యాక చెబితేనే తలకెక్కుతుంది. ఓవర్ల జోలికి మాత్రం పోవద్దు. 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర. చుక్కను చూసి దశాంశమనుకుంటే 4కు సవరిస్తారు.

లాంగ్ జంప్, పరుగు పందెం సమయాలు దశాంశాలు వచ్చాక చూసుకోవచ్చు. అక్కడా ఒక చిక్కుంది. అథ్లెటిక్స్ నిబంధనల్లో దూకిన దూరంలో సెంటీమీటరుకు మించిన మిల్లీమీటర్లు ఎన్నున్నా వదిలేస్తారు. చేతి స్టాప్‌వాచ్ సమయాన్ని ఎప్పుడూ పైకే జరుపుతారు, ట్రాక్ మీద 10.11 సెకన్లు 10.2 అవుతుంది. పిల్లల లెక్కలో అది 10.1. ఏ లెక్క చేస్తున్నారో ముందే బోర్డు మీద రాసిపెట్టండి.