డబ్లిన్‌లో క్రికెట్: పాత క్లబ్బు మేలా, మనవాళ్ళ జట్టు మేలా?

ఏటా సీజన్ మొదలయ్యే ముందు, మార్చి, ఏప్రిల్ నెలల్లో, డబ్లిన్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుర్రవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. దగ్గరలో ఉన్న పాత ఐరిష్ క్లబ్బులో చేరాలా, లేక మనవాళ్ళు కలిసి పెట్టుకున్న జట్టులో చేరాలా? చందా ఎంత, కిట్ ఎక్కడ కొనాలి, ఇక్కడి తడి పిచ్‌ల మీద బంతి ఎంత ఆగి వస్తుంది వంటివి అడిగేవాళ్ళకు అప్పటికే తెలిసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. రెండు రకాల జట్లకూ ఆడినవాణ్ణి కనుక రెండింటి మంచీ చెబుతాను, నా మొగ్గు ఎటో కూడా దాచను.

మనవాళ్ళ జట్ల సంగతి ముందుగా చెప్పడం న్యాయం. ఐర్లండు జనగణన ప్రకారం 2016లో ఇక్కడున్న భారత పౌరులు పదకొండు వేల పైచిలుకు. 2022 నాటికి ఆ సంఖ్య నలభై అయిదు వేలు దాటింది. అంతమంది వస్తే అందులో క్రికెట్ ఆడేవాళ్ళు ఎందరుంటారో ఊహించవచ్చు. వాళ్ళందరికీ చోటివ్వడం పాత క్లబ్బుల వల్ల అయ్యే పని కాదు. అందుకే ఆడమ్స్‌టౌన్, టిరెల్స్‌టౌన్ వంటి కొత్త కాలనీల వైపు కొత్త క్లబ్బులు పుట్టాయి. వాటి రాకతో డబ్లిన్ చుట్టుపక్కల క్లబ్బులు ఆడే లెన్‌స్టర్ లీగు కింది డివిజన్లకు కొత్త ఊపిరి వచ్చిందనే చెప్పాలి. దేశం కాని దేశంలో, వారమంతా ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడి అలసినవాడికి శనివారం నాడు "అన్నా, రెండో రన్నుందిరా" అని అరిచే తోడు దొరకడం తేలిక విషయం కాదు. కారు లేనివాణ్ణి ఎవరో ఒకరు ఎక్కించుకుపోతారు, మాంసం తిననివాడికి టీ వేళ తినడానికి ఏదో ఒకటి ఉంటుంది, వీసా చిక్కులో అద్దె ఇంటి చిక్కులో వస్తే సలహా అక్కడే దొరుకుతుంది. మొదటి ఏడాది ఒంటరితనంతో బాధపడే కుర్రవాడికి ఇవన్నీ పరుగులకన్నా, వికెట్లకన్నా ఎక్కువ.

అయినా నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చేది ఒక్కటే, అది మీరు చేరబోయే జట్టులో వయసుల తేడా ఎంత అన్నది. పాత క్లబ్బు నాలుగో జట్టో అయిదో జట్టో మైదానంలోకి దిగుతున్నప్పుడు గమనించండి. పదమూడు, పధ్నాలుగేళ్ళ పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళలో ఒకడి తండ్రి ఉంటాడు. ఒకప్పుడు మొదటి జట్టుకు ఆడి ఇప్పుడు స్లిప్‌లో నిలబడే అరవయ్యేళ్ళ పెద్దమనిషి ఉంటాడు. మిగిలినవాళ్ళు మనలాంటి ఉద్యోగస్తులు. పిల్లలను పెద్దల ఆటలోకి తేవడానికీ, ఆట వదులుకోలేని పెద్దవాళ్ళకు చోటివ్వడానికీ పెట్టిన జట్టు కాబట్టి దాని కెప్టెన్ గెలుపు ఒక్కదాన్నే చూసుకోవడానికి వీల్లేదు. మ్యాచ్ బిగుసుకున్నా పిల్లవాడికి అనుకున్న ఓవర్లు ఇవ్వాలి, పెద్దాయన పరుగెత్తలేడని తెలిసినా ఆయన చేతిలో రెండు క్యాచ్‌లు జారితే ఊరుకోవాలి. మనవాళ్ళ జట్టులో అందరూ ఇరవై అయిదుకూ ముప్ఫై అయిదుకూ మధ్యవాళ్ళే. పదకొండు స్థానాలకు పాతికమంది పోటీ పడతారు, ఉన్నవాళ్ళలో బాగా ఆడేవాళ్ళను తీసుకుంటారు, గెలవడానికే వెళతారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆటలో మర్యాద ఎక్కడినుంచి వస్తుందని అడిగితే, నా అనుభవంలో అది నిబంధనల పుస్తకం నుంచి కన్నా, పక్కన ఒక చిన్నవాడు చూస్తున్నాడన్న స్పృహ నుంచే ఎక్కువగా వస్తుంది.

దీన్ని స్పష్టంగా చూడాలంటే అంపైరింగ్ దగ్గర చూడాలి. పై డివిజన్లకు అంపైర్లను లీగు పంపుతుంది. కింది డివిజన్లలో సాధారణంగా బ్యాటింగ్ జట్టువాళ్ళే వంతులవారీగా తెల్లకోటు వేసుకుని నిలబడాలి, స్కోరు పుస్తకం కూడా వాళ్ళలో ఒకరే రాయాలి. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మన గల్లీల్లోనూ బ్యాటింగ్ వాళ్ళే అంపైరింగ్ చేసేవారు, అందుకే ఎల్బీడబ్ల్యూ లేదని ముందే అనుకుని ఆట మొదలుపెట్టేవాళ్ళం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. సొంత జట్టువాడి మీద వేలెత్తాల్సిందే. కిందటి సీజన్లో ఒక పాత క్లబ్బు నాలుగో జట్టు మ్యాచ్‌లో నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. చివరి ఓవర్లు, చేతిలో రెండు వికెట్లు, ఇంకా కొట్టాల్సినవి ఓ పాతిక పరుగులు. బౌలర్ వెనుక అంపైరుగా పదిహేనేళ్ళ కుర్రవాడు, క్రీజులో వాళ్ళ జట్టు పెద్దమనిషి. బంతి బ్యాటు అంచును తాకీ తాకనట్టు కీపర్ చేతిలో పడింది, ఫీల్డింగ్ జట్టంతా గట్టిగా అప్పీలు చేసింది. కుర్రవాడి ముఖం ఎర్రబడింది, చెయ్యి కోటు జేబులోంచి సగం పైకి వచ్చి ఆగిపోయింది. ఆ పెద్దమనిషి వాడి నిర్ణయం కోసం ఎదురుచూడకుండా బ్యాటు చంకలో పెట్టుకుని, గ్లవ్స్ విప్పుకుంటూ బయటికి నడిచాడు. ఆ మ్యాచ్ వాళ్ళు ఓడిపోయారు. తరవాత మాటల్లో ఆయన అన్నదాని సారాంశం, అంత బరువు పిల్లవాడి మీద వేయకూడదని మాత్రమే.

మనవాళ్ళ జట్టులో నిజాయితీ లేదని నేను అనడం లేదు. ఇంతకన్నా గొప్పగా నడుచుకున్నవాళ్ళను అక్కడా చూశాను. అయితే రాత్రి ఒకే ఇంట్లో పడుకునే నలుగురు స్నేహితులలో ఒకడు ఇంకొకడికి ఔటివ్వాలంటే ఆ చేతికి తగిలే బరువు వేరు. పాత క్లబ్బుల్లోనూ వేలెత్తని అంపైర్లున్నారు, అందులో సందేహం లేదు. తేడా ఏమిటంటే, అక్కడ అలా చేసినవాణ్ణి సొంత జట్టులోని పెద్దవాళ్ళే పక్కకు పిలిచి మాట్లాడతారు. అందరూ ఒక ఈడువాళ్ళయిన జట్టులో అలా పిలవగల మనిషి ఉండడు.

రెండు రకాల జట్ల మధ్య వచ్చే తగాదాలకు కూడా మూలం చాలావరకు ఇదే. కొత్తగా చేరిన క్లబ్బు ఎంత బలమైనదైనా సాధారణంగా అట్టడుగు డివిజన్ నుంచే మొదలుపెట్టాలి. అందువల్ల నిన్నటిదాకా హైదరాబాద్ లీగుల్లో ఆడిన ఫాస్ట్ బౌలర్ ఇక్కడ పధ్నాలుగేళ్ళ పిల్లవాడికి బంతి వేయాల్సి వస్తుంది. అతను వేగం తగ్గించుకోకపోతే అవతలివాళ్ళకు కోపం, తగ్గించుకుంటే తన జట్టుకు కోపం. పాత క్లబ్బులో ఆడేవాడికి ఈ సందిగ్ధం ఉండదు, ఎందుకంటే అలాంటి పిల్లవాడు తన జట్టులోనూ ఒకడుంటాడు.

పాత క్లబ్బులో లోపాలు లేకపోలేదు. ఆట ఎలాంటిదో ఎవరికీ తెలియని కొత్తవాణ్ణి మొదటి నెల రోజులు తొమ్మిదో స్థానంలో దింపుతారు, బౌలింగ్ అసలు ఇవ్వకపోవచ్చు. డ్రెస్సింగ్ రూములో రగ్బీ గురించీ, ఐర్లండు సొంత ఆట అయిన గేలిక్ ఫుట్‌బాల్ గురించీ మాటలు సాగుతుంటే మనం మౌనంగా కూర్చోవాల్సి వస్తుంది. మ్యాచ్ అయ్యాక బార్‌లో గంటసేపు కూర్చోవడం ఇక్కడ మర్యాద. తాగనివాడు నిమ్మసోడానో టీనో పుచ్చుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, మ్యాచ్ అవగానే కారెక్కి వెళ్ళిపోయేవాణ్ణి మాత్రం ఎన్నేళ్ళయినా బయటివాడిగానే చూస్తారు. వానకు కవర్లు లాగే చోట, రోలర్ తోసే చోట, బౌండరీ తాడు చుట్టే చోట మీరు కనబడాలి. నా వరకు ఆ క్లబ్బు నాది కూడా అనిపించింది నేను అర్ధశతకం కొట్టిన రోజున కాదు, సీజన్ చివర మైదానం మధ్యన పిచ్‌లుండే స్క్వేరు మీద గడ్డి విత్తనాలు చల్లడానికి నన్నూ పిలిచిన రోజున.

ఇంకొక సంగతి మన కుర్రవాళ్ళకు తెలియాలి. ఫీనిక్స్ పార్కులో 1830 నుంచి ఉన్న ఫీనిక్స్ క్లబ్బును చూసి, ఇది ఇక్కడివాళ్ళు గర్వంగా చూసుకున్న ఆట అనుకుంటారు. నిజానికి ఇంగ్లీషువాళ్ళ ఆట అన్న ముద్రతో చాలాకాలం ఇది సొంత దేశంలోనే పరాయి ఆటగా బతికింది. గేలిక్ క్రీడల సంఘంలో సభ్యుడైనవాడు క్రికెట్ ఆడకూడదు, చూడకూడదు అన్న నిషేధం 1971 దాకా అమలులో ఉంది. ఆ రోజుల్లో కూడా డబ్లిన్‌కు ఉత్తరాన ఫింగల్ ప్రాంతపు రైతు కుటుంబాలు ఆట వదల్లేదు. పరాయి ఆట ఆడుతున్నారన్న మాట పడిన ఇళ్ళలోంచి వచ్చిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఈ క్లబ్బుల్లో ఉన్నారు. పరాయి దేశం నుంచి వచ్చినవాణ్ణి వాళ్ళు తొందరగా అర్థం చేసుకుంటారని నేను నమ్ముతాను.

పైకి ఎదగాలన్న ఆశ ఉన్నవాళ్ళకు పెద్దగా చెప్పాల్సింది లేదు, పాత క్లబ్బే దారి. పంజాబు నుంచి విద్యార్థిగా వచ్చిన సిమి సింగ్ డబ్లిన్ క్లబ్బుల్లో ఆడుతూనే ఐర్లండు జట్టుకు చేరి, 2021లో మలహైడ్‌లో దక్షిణాఫ్రికా మీద ఎనిమిదో స్థానంలో దిగి శతకం చేశాడు.

ఇక ఆఫీసు జట్లు, టెన్నిస్ బంతి టోర్నమెంట్లు, చలికాలపు ఇండోర్ ఆట. శనివారాలు పూర్తిగా ఇవ్వలేని చంటిపిల్లల తండ్రులకు అవి సరిపోతాయి. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి వారం మధ్యలో జరిగే సాయంత్రపు టీ20లు కూడా వాళ్ళకు వీలవుతాయి.

కాబట్టి నడిచిపోయే దూరంలో పాత క్లబ్బు ఉండి, ఏ జట్టులో వేసినా ఆడతానన్న ఓపిక ఉన్నవాడు ఏప్రిల్‌లో సాయంత్రం నెట్స్‌కు వెళ్ళి అక్కడే పేరు ఇవ్వాలని నా సలహా. ఇప్పటికే మనవాళ్ళ జట్టులో ఉన్నవాళ్ళు దాన్ని వదిలి రావాలని నేను అనను. వాళ్ళతో నేను చెప్పేది వేరు. మీ పిల్లలు ఇప్పుడు ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో వచ్చి ఉంటారు. వాళ్ళకోసం ఒక జూనియర్ జట్టు పెట్టండి. కోచింగ్‌కు ముందుకొచ్చే ఇద్దరు ముగ్గురు పోలీసు తనిఖీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి, అది లేకుండా ఇక్కడ పిల్లలకు ఆట నేర్పనివ్వరు. కాలనీలోని ఐరిష్ పిల్లలను, పోలండు, నైజీరియా కుటుంబాల పిల్లలను కూడా పిలవండి. నాలుగైదేళ్ళలో వాళ్ళలో ఇద్దరు మీ రెండో జట్టులో ఆడేలా, తండ్రులు ఆ రోజు తెల్లకోటు వేసుకుని నిలబడేలా చూడండి.