తుర్కియేలో మైనారిటీ ముద్ర: ఉంటే మేలా, లేకుంటే మేలా?

1923 లోజాన్ శాంతి ఒప్పందంలో ముస్లిమేతర మైనారిటీలకు హక్కులిస్తానని తుర్కియే (టర్కీ) సంతకం చేసింది. ఆచరణలో ఆ హక్కులు దక్కింది గ్రీకులు, ఆర్మేనియన్లు, యూదులకే. లక్షల్లో ఉన్న కుర్దులు, సున్నీలకు భిన్నమైన ఆచారాలున్న అలెవీలు ముస్లింల లెక్కలో కలిసిపోయారు కాబట్టి వాళ్లకు మైనారిటీ అన్న పేరే లేదు.

చదువు సంగతి చూస్తే ముద్ర ఉన్నవాళ్లదే పైచేయి. ఇస్తాంబుల్ ఆర్మేనియన్ పిల్లలకు సొంత బడులున్నాయి, అక్కడ సొంత భాషా నేర్చుకోవచ్చు. కుర్దు భాషలో పుస్తకం అచ్చువేయడమే 1983 నుంచి 1991 దాకా చట్టరీత్యా నేరం. సర్కారు బడిలో అది ఐచ్ఛిక పాఠంగా వచ్చింది 2012లో. 1991లో పార్లమెంటులో ప్రమాణం చేశాక కుర్దు భాషలో ఒక్క వాక్యం పలికిన కుర్దు ఎంపీ లేలా జానా, తర్వాత పదేళ్లు జైల్లో గడిపారు. మతం క్లాసు తప్పనిసరి అయినా క్రైస్తవ, యూదు పిల్లలకు మినహాయింపు ఉంది. అలెవీ పిల్లాడు మాత్రం సున్నీ పద్ధతి పాఠం వినాల్సిందే. దీన్ని ఐరోపా మానవ హక్కుల కోర్టు 2007లోనే తప్పుపట్టింది. మసీదు ఇమాములకు జీతం సర్కారే ఇస్తుంది, అలెవీలు ప్రార్థనకు కూడే జెమెవికి మాత్రం ప్రార్థనా మందిరం హోదా లేదు.

అయితే ముద్ర ఉన్నవాళ్లను గుర్తుపట్టి కొట్టడమూ సులువే. 1942 ఆస్తి పన్ను ముస్లిమేతరుల మీద ఎన్నో రెట్లు ఎక్కువ పడింది. కట్టలేనివాళ్లను అష్కలే కూలి శిబిరానికి పంపారు. 1955 సెప్టెంబరు 6, 7 తేదీల్లో ఇస్తాంబుల్ గ్రీకుల దుకాణాలు, చర్చిలు ధ్వంసమయ్యాయి. 1964లో గ్రీసు పౌరసత్వం ఉన్నవాళ్లను వెళ్లగొట్టారు, కుటుంబాలూ వాళ్ల వెంటే వెళ్లాయి. ఒకప్పుడు లక్ష దాకా ఉన్న గ్రీకులు ఇప్పుడు రెండు మూడు వేలు. బడి హక్కు ఉంది, బడికొచ్చే పిల్లలే లేరు! హేబెలియాదా దీవిలోని వాళ్ల మత పాఠశాల 1971లో మూతపడింది.

పోనీ, ముద్ర లేకుంటే క్షేమమా అంటే అదీ లేదు. 1993లో సివాస్‌లో అలెవీ ఉత్సవానికి వచ్చినవాళ్లున్న హోటల్‌ను మూక తగలబెడితే 35 మంది చనిపోయారు.

నా ఓటు ముద్రకే. అది రక్షిస్తుందని కాదు, కోర్టు మెట్లెక్కినప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుందని. క్రైస్తవులే అయినా సిరియాక్‌లకు లోజాన్ హక్కులు ఇవ్వలేదు. వాళ్లు అదే ఒప్పందం చూపించి 2013లో అంకారా కోర్టులో గెలిచి, మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో తమ భాష నేర్పే శిశు పాఠశాల తెరిచారు. కుర్దులకు చూపించడానికి అలాంటి ఒప్పందం లేదు.