హంటర్‌డన్ కౌంటీ రైలు స్టేషన్లు: నిలిచినవి, కట్ట మాత్రమే మిగిలినవి

న్యూజెర్సీలో ఎడిసన్, బ్రిడ్జ్‌వాటర్ వైపు ఉండే తెలుగువాళ్లకు హంటర్‌డన్ కౌంటీ అంటే గుమ్మడి తోటలు, క్లింటన్‌లోని ఎర్ర మిల్లు, అక్టోబరులో రంగు మారే ఆకులు. ఒకప్పుడు ఇక్కడ సెంట్రల్, పెన్సిల్వేనియా, లీహై వ్యాలీ కంపెనీల బండ్లు పోటీపడి తిరిగేవి. ఇప్పుడు రోజువారీ ప్రయాణికుల బండి నడిచేది రారిటన్ వ్యాలీ లైన్‌లో మాత్రమే. కౌంటీలో దానికి నాలుగు స్టేషన్లు: వైట్‌హౌస్, లెబనాన్, అనండేల్, ఆఖరుగా హై బ్రిడ్జ్.

చాలామంది పొరపాటు పడేది రోజు దగ్గరే. శని, ఆదివారాల్లో ఈ లైన్ బండ్లు పక్క కౌంటీలోని రారిటన్‌లోనే ఆగిపోతాయి, హై బ్రిడ్జ్‌కు సోమవారం నుంచి శుక్రవారం వరకే. ఫ్లెమింగ్టన్ పర్యాటక రైలు ముఖ్యంగా నడిచేదేమో వారాంతాల్లో. రెండూ కావాలంటే శుక్ర, శనివారాలు కలిపి పెట్టుకోవాలి. న్యూయార్క్ నుంచి వచ్చేవాళ్లు చాలా బండ్లకు న్యూఅర్క్‌లో మారాలి, ఎందుకంటే హడ్సన్ నది కింది సొరంగాల్లో డీజిల్ మీద నడవనివ్వరు. కరెంటు, డీజిల్ రెండింటి మీదా నడిచే ఇంజన్ తగిలించిన కొన్ని బండ్లే నేరుగా వస్తాయి. రద్దీ వేళ రద్దీ దిశలో సైకిళ్లు ఎక్కనివ్వరు. ఇక్కడి ప్లాట్‌ఫారాలు నేలమట్టానికి ఉంటాయి, పెట్టెలోకి నిటారు మెట్లెక్కాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే కారే మేలు.

వైట్‌హౌస్‌లో పాత రాతి స్టేషన్ 1892 నాటిది, బ్రాడ్‌ఫర్డ్ లీ గిల్బర్ట్ గీసిన నమూనా. మందపాటి రాతి గోడలు, వాటి మీదికి కిందిదాకా వాలిన కప్పు. అందులో ఊరి లైబ్రరీ పెట్టడం వల్లే భవనం ఇంత శుభ్రంగా నిలిచింది. లైబ్రరీ వేళల్లో వెళితే లోపలా చూడొచ్చు, పట్టాల వైపు అయితే ఎప్పుడైనా. చిరునామాలో ఊరి పేరు వైట్‌హౌస్ స్టేషన్ అనే ఉంటుంది, మన స్టేషన్ ఘన్‌పూర్‌లా. లెబనాన్, అనండేల్‌ల కోసం ప్రత్యేకంగా దిగనక్కర్లేదు.

అసలు ఆగాల్సింది హై బ్రిడ్జ్‌లో. దిగినవాళ్లు ముందు ‘ఎత్తయిన వంతెన’ ఎక్కడా అని వెతుకుతారు. అది వాళ్ల కాళ్ల దగ్గరే పూడి ఉంది. రారిటన్ దక్షిణ పాయ మీద 1852లో కట్టిన ఆ వంతెన సుమారు 1,300 అడుగుల పొడవు, 112 అడుగుల ఎత్తు. దాని మరమ్మతు ఖర్చు కంపెనీకి భారమైంది. చివరికి వంతెన చుట్టూ మట్టి నింపి దాన్ని కట్టగా మార్చేశారు. 1860ల మధ్యకల్లా ఊరికి పేరు తెచ్చిన వంతెన కనబడకుండా పోయింది. ఏరు మాత్రం కట్ట అడుగున జంట కమానుల రాతి తూములోంచి ఇప్పటికీ పారుతోంది. ఆకులు రాలాక, నవంబరు నుంచి మార్చి లోపు వెళితే కట్ట ఎత్తు కళ్లకు ఆనుతుంది. వేసవిలో అయితే చెట్లు మూసేస్తాయి, మామూలు గుట్టలా కనిపిస్తుంది.

హై బ్రిడ్జ్ మెయిన్ స్ట్రీట్ దగ్గర మొదలయ్యే కొలంబియా ట్రైల్ 1876లో తెరిచిన శాఖా లైన్ కట్ట. మారిస్ కౌంటీ గనుల ఇనుప ఖనిజం ఈ ఊరి ఇనుప కార్ఖానాకు దిగింది ఇటే. వేసవిలో పీచ్ పండ్లు పట్నాలకు బండ్లకొద్దీ తరలిందీ ఇటే. 1976లో లైన్ మూతపడింది. తర్వాత కొలంబియా గ్యాస్ కంపెనీ కట్టలో పైపులైన్ వేసింది, బాట పేరు అందుకే అలా స్థిరపడింది. సుమారు 3 మైళ్ల దగ్గర కెన్ లాక్‌వుడ్ లోయ మీది వంతెన వస్తుంది. ఐదారు మైళ్లకు కాలిఫన్, అక్కడ 1875 నాటి రాతి స్టేషన్‌లో చిన్న మ్యూజియం. అది తెరిచేది ఏడాదిలో కొన్ని ఆదివారాలే, ముందు కనుక్కోకుండా వెళితే తాళం చూసి తిరిగి రావాలి. వెళ్లేటప్పుడు ఏటికి ఎదురుగా సన్నటి చడావు, తిరుగు ప్రయాణంలో వాలు. పిల్లల సైకిళ్లకు హాయిగా ఉంటుంది. సన్న టైర్ల రోడ్డు సైకిల్ వద్దు, అంతా కంకర పొడి.

హై బ్రిడ్జ్‌కు పడమర గ్లెన్ గార్డ్‌నర్, హాంప్టన్ స్టేషన్లు 1983 చివరతో ప్రయాణికుల బండ్లకు దూరమయ్యాయి. హాంప్టన్ అసలు పేరు జంక్షన్. 1856లో లాకవానా అనే మరో రైలు కంపెనీ లైన్ వచ్చి సెంట్రల్ లైన్‌ను కలిసింది ఇక్కడే. లాకవానా గేజి 6 అడుగులు, మన బ్రాడ్‌గేజి కన్నా ఆరంగుళాలు ఎక్కువ. సెంట్రల్‌ది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. బొగ్గు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి ఎత్తిపోసే పని తప్పించడానికి సెంట్రల్ తన లైన్లో వెడల్పు బండ్లకూ సరిపడేలా మూడో పట్టా వేసుకుంది. ఇంత చరిత్ర ఉన్నా చూడటానికి మిగిలింది తక్కువ, కారులో అటు వెళుతుంటే పావుగంట కేటాయించండి చాలు. పట్టాల మీదికి ఎక్కకండి, ఎక్కితే జరిమానా. పాటెన్‌బర్గ్ దగ్గరి మస్కొనెట్‌కాంగ్ సొరంగంలో ఇప్పటికీ గూడ్సు బండ్లు నడుస్తాయి, దాని జోలికీ పోవద్దు.

ఫ్లెమింగ్టన్‌లో బ్లాక్ రివర్ అండ్ వెస్టర్న్ 1965 నుంచి పర్యాటక రైలు నడుపుతోంది. రింగోస్‌కు పోయి రావడానికి సుమారు గంట. ఆవిరి ఇంజన్ నంబరు 60ని 1937లో కట్టారు, మొదట కొలరాడోలో చక్కెర దుంపలు లాగింది. అది అన్ని రోజులూ పొగ వదలదు, కొన్ని రోజులు డీజిలే. ఇంజన్ కోసమే వెళ్లేవాళ్లు టికెట్ కొనేముందు ఆ రోజు ఏది లాగుతుందో అడగాలి. పొలాల మధ్య నిదానంగా సాగే ప్రయాణం, కొండలూ లోయలూ ఆశించొద్దు. డిసెంబరు పండుగ బండ్ల టికెట్లు చాలా ముందే అయిపోతాయి.

రింగోస్ దాటాక అదే లైన్ లాంబర్ట్‌విల్‌కు దిగేది. అక్కడి 1867 స్టేషన్ 1983 నుంచి రెస్టారెంటు, పక్కనే నది ఒడ్డున బస చేసే హోటల్. బస విషయంలో మా ఓటు ఈ ఊరికే: కారు పెట్టేస్తే అన్నీ నడిచే దూరం. లోటుపాట్లు రెండు. వారాంతంలో చాలాచోట్ల రెండు రాత్రులు తీసుకోమంటారు. రెండోది డెలావేర్ నది, 2004, 2005, 2006లో వరసగా మూడేళ్లు వరదలు తెచ్చింది. పెద్ద వానల సూచన ఉంటే గది రద్దు నిబంధన చూసుకోండి. ఖర్చు తగ్గాలంటే క్లింటన్, ఫ్లెమింగ్టన్‌లలో హైవే హోటళ్లున్నాయి. ఈ ఊళ్లలో పప్పన్నం దొరకడం కష్టం. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి క్యాంటీన్లో పులిహోర కట్టించుకుని బయల్దేరడం తెలివైన పని.

లాంబర్ట్‌విల్ నుంచి ఫ్రెంచ్‌టౌన్‌కు నది వెంట సుమారు 16 మైళ్ల బాట కూడా పాత రైలు కట్టే. స్టాక్‌టన్, రావెన్ రాక్, బైరమ్, టంబుల్ స్టేషన్లు వరసగా ఉండేవి. మాయమైన చోటును పట్టుకోవాలంటే భవనం కోసం చూడకండి. సన్నటి కట్ట ఉన్నట్టుండి చదునుగా వెడల్పవుతుంది, మట్టిలో నల్లటి బొగ్గు బూడిద కనిపిస్తుంది, ఊళ్లోంచి ఓ చిన్న రోడ్డు కారణం లేకుండా అక్కడికే వచ్చి ఆగుతుంది. పాంటు మేజోళ్లలో దోపుకుని నడవండి, పక్క గడ్డిలో లైమ్ జబ్బు తెచ్చే పిడుదులుంటాయి. నీళ్లు, మరుగుదొడ్డి రావెన్ రాక్ దగ్గరి బుల్స్ ఐలాండ్‌లో. అక్కడి నడక వంతెన దాటితే పెన్సిల్వేనియా. ఆ ఒడ్డు కాలువ గట్టు మీదుగా దక్షిణానికి వచ్చి, సెంటర్ బ్రిడ్జ్ దగ్గర నది దాటి స్టాక్‌టన్ చేరొచ్చు. వరదలకు గట్టు తెగి ఆ బాట మూసేయడం మామూలే, కాబట్టి బయల్దేరే రోజు ఉదయమే తెరిచి ఉందో లేదో కనుక్కోండి.